గణపతిరావు చాటు అద్దాలు

వెలగలపాడు నూలు డిపోలో గణపతిరావు కంటికి ఉన్న మర్యాద త్రాసుకు కూడా లేదు. పొందూరుకి రెండు మైళ్ళ ఇవతల ఉంటుంది ఆ ఊరు. ఆడవాళ్ళు ఇళ్ళల్లో రాట్నం మీద వడికిన నూలును చిలపలుగా చుట్టి ప్రతి బుధవారం డిపోకి తెస్తారు. గణపతిరావు ఒక్కో చిలపనూ కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి, రెప్ప కొట్టేలోగా తేల్చేసేవాడు. "తొంభై ఆరు నంబరు." "నూట రెండు." "ఇదేటే బుల్లమ్మా, నూలా, ఎద్దు పలుపా? పట్టుకుపో." నంబరు పెరిగిన కొద్దీ నూలు సన్నమన్న మాట. ఆ తరువాత చిలపను త్రాసుకు తగిలిస్తే ముల్లు బుద్ధిగా వెళ్ళి ఆయన చెప్పిన అంకె మీదే నిలబడేది. పదిహేనేళ్ళ పాటు ఇదే వరస.

1967 వేసవిలో ఆయనకి నలభై నాలుగు నిండాయి. అదే వేసవిలో నూలు మసకబారింది. మొదట్లో చిలప పట్టుకున్న చెయ్యిని కాస్త దూరంగా చాపితే సరిపోయేది. దసరా నాటికి చెయ్యి పూర్తిగా చాపాల్సి వచ్చింది. సంవత్సరం తిరిగేసరికి ఆ చెయ్యి కూడా చాలలేదు. చిలపను కిటికీ మేకుకి తగిలించి, తాను రెండడుగులు వెనక్కి జరిగి, తల ఒక పక్కకి వాల్చి చూడడం మొదలుపెట్టాడు.

డిపోకి నూలు తెచ్చేవాళ్ళలో అందరికన్నా పాతావిడ జగ్గమ్మ. అరవై దాటిన మనిషి. ఆమె ఊరుకోలేదు.

"ఏటి బాబూ, అంత దూరంగా నిలబడి నా నూలుకి దండం పెడతన్నావేటి?"

"కొత్త పద్ధతి జగ్గమ్మా. వెలుగు బాగా పడతాది."

"అలగా! ఇంకాస్త ఎనక్కెల్తే ఈదిలో పడతావు, సూసుకో."

ఆడవాళ్ళంతా గొల్లుమన్నారు. గణపతిరావు కూడా నవ్వాడు గాని, ఆ రోజే త్రాసు మీద గుడ్డ కప్పేశాడు. దాని మీది అంకెలు ఆయనకి చీమలబారులా కదులుతున్నాయి మరి. త్రాసు చెడిపోయిందని చెప్పి, అప్పట్నుంచి నూలును కాక మనుషుల్ని చూసి నంబర్లు వెయ్యసాగాడు. జగ్గమ్మది ఎప్పుడూ వంద దాటేదే కాబట్టి వంద. బుల్లమ్మ పని అంతంతమాత్రం కాబట్టి ఎనభై. ఇది కనిపెట్టడానికి ఆ ఆడవాళ్ళకి రెండు బుధవారాలు పట్టాయి. మూడో బుధవారం బుల్లమ్మ తన చిలపలు జగ్గమ్మ బుట్టలో పెట్టి పంపింది. వాటికీ వంద పడింది.

ఇంట్లో సంగతి ఇంకా అన్యాయం. భార్య తాయారు మేనత్త కూతురి పెళ్ళి శుభలేఖ వస్తే గణపతిరావే చదివాడు. పదమూడో తేదీని పద్దెనిమిది అన్నాడు. పట్టుచీరతో, పిండివంటల బుట్టతో పాతపట్నం వెళ్ళి దిగేసరికి పందిరి గుంజలు పీకుతున్నారు. పెళ్ళికూతురు అత్తారింటికి వెళ్ళి మూడు రోజులైంది. వాళ్ళు మర్యాదస్తులు. ఏమీ అనకుండా ఆవకాయా పెరుగూ వేసి అన్నం పెట్టారు. తిరుగు బస్సులో తాయారు పొందూరు వచ్చేదాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

"అచ్చుతప్పే తాయారూ. ఆ ప్రెస్సువాణ్ణి పట్టుకుని నాలుగు దులపాలి," అన్నాడు గణపతిరావు.

"దులుపుదురు గాని. ముందు కళ్ళద్దాలు కొనుక్కోండి."

కళ్ళద్దాలు! ఆ మాట వింటేనే ఆయనకి ఒళ్ళు జలదరించేది. దానికి కారణం ఉంది. ఆయనకి ముందు ఆ కుర్చీలో కూర్మయ్యగారని ఒక పెద్దాయన ఉండేవాడు. చివరి రెండేళ్ళూ ఆయన లావుపాటి కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "నాలుగు కళ్ళ కూర్మయ్య, నూలు చూడమంటే మోకు చూశాడు" అని పాట కట్టి ఆడవాళ్ళ చేత పాడించింది అప్పట్లో కుర్ర గుమాస్తాగా ఉన్న గణపతిరావే. పాట ఎంత బాగా కుదిరిందంటే, పెద్దాయన తనంతట తానే అర్జీ పెట్టుకుని గోదాములో బేళ్ళు చూసే పనికి మారిపోయాడు. ఆ పాటలో కూర్మయ్య తీసేసి గణపతిరావు అని పెట్టినా చక్కగా సరిపోతుంది. ఆ సంగతి దాన్ని కట్టినవాడికి తెలియదా?

ఎవరికీ చెప్పకుండా ఒకరోజు విశాఖపట్నం వెళ్ళి కంటి డాక్టరుకి చూపించుకున్నాడు. "ఇది చత్వారం. నలభై దాటితే నాకైనా, మీకైనా తప్పదు. దూరపు చూపు బ్రహ్మాండంగా ఉంది. దగ్గరి పనికి అద్దాలు పెట్టుకోండి," అని డాక్టరు చీటీ రాసిచ్చాడు. గణపతిరావు ఆ చీటీని మడిచి, ఇంట్లో దేవుడి పటం వెనకాల దోపాడు.

సరిగ్గా ఆ సమయంలో తాయారు తమ్ముడు నరసింగరావు మద్రాసు నుంచి వచ్చాడు. సినిమా స్టూడియోలో మేకప్ సామాను అందించే పని అతనిది. బావగారు అన్నంలో మిరపకాయలనుకుని బెండకాయ ముక్కలు ఏరి పారేస్తున్న తీరు ఒక పూట చూసి, చెవి దగ్గరికి వంగాడు.

"బావా, అద్దం బయట పెట్టుకుంటే కదా సిగ్గు? కంట్లోనే పెట్టుకుంటే?"

"కంట్లోనా?"

"నల్లగుడ్డు మీద అతికించుకునే అద్దాలొచ్చాయి బావా. శనగబద్ద కన్నా కాస్త పెద్దవి, అంతే. మా స్టూడియోలో హీరోయిన్లు పెట్టుకుంటున్నారు. పక్కన కూర్చున్నోడికి కూడా తెలీదు."

గణపతిరావుకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారేసరికి నిశ్చయించుకున్నాడు. డిపోలో మాత్రం తిరుపతి మొక్కు ఉందని సెలవు పెట్టాడు. భార్యాభర్తలిద్దరూ ఆమదాలవలసలో మద్రాసు మెయిలెక్కారు.

మద్రాసు డాక్టరు మంచి ఓపికున్న మనిషి. గణపతిరావు కళ్ళు కొలిచి, వారం రోజులకి అద్దాలు తెప్పించి, పెట్టుకోవడం, తియ్యడం నేర్పాడు. పెట్టుకున్న మొదటిరోజు గణపతిరావు గంటసేపు ఏడ్చాడు. ఏడుపు కాదు, కన్నీళ్ళే, గాని ధారలు కట్టాయి. కంట్లో చింతగింజ పడ్డట్టుంది. రోజుకి కాస్త కాస్త సేపు అలవాటు చేసుకోమని చెప్పి, డాక్టరు అరవంలో ఇంకేదో అన్నాడు. నరసింగరావు తెలుగు చేశాడు.

"వీటితో దగ్గరిది చక్కగా కనబడుతుందట బావా. దూరం మాత్రం మసకేస్తుందట. నీకు దూరం బాగానే ఉంది కాబట్టి అలా అవుతుందట. ఆలోచించుకోమంటున్నాడు."

"నాకు దూరంతో ఏటి పని? నా పనంతా మూరెడు మేరలోనే. ఇచ్చెయ్యమను."

తిరుగు ప్రయాణంలో గూడూరు స్టేషను రాగానే తాయారు సామాను దింపేసింది.

"ఇక్కడ దిగడమేటే?"

"దేవుడి పేరు చెప్పి సెలవు పెట్టారు. ఆ అబద్ధం నేను మొయ్యలేను. పదండి కొండకి."

కొండ ఎక్కాక ఉత్తి దణ్ణంతో ఆమె ఒప్పుకోలేదు. మొక్కంటే తలనీలాలే అంది. అద్దాలున్నట్టు ఎవరికీ తెలియకూడదని బయల్దేరిన గణపతిరావు, ఊరంతటికీ తెలిసేలా నున్నటి గుండుతో తిరిగొచ్చాడు.

బుధవారం వచ్చింది. తెల్లవారుజామునే లేచి, తలుపు గడియ వేసుకుని, కుడికన్నుకీ ఎడమకన్నుకీ అద్దాలు తగిలించుకుని గణపతిరావు డిపోలో కూర్చున్నాడు. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. అది చూసి జగ్గమ్మ పక్కవాళ్ళతో అంది:

"సామిని సూసొచ్చినాక మనసు మెత్తబడిపోనాది పాపం. నూలు సూసినా ఏడుపొస్తన్నాది."

మనసు మెత్తబడలేదని వెంటనే తెలిసింది. మొదటి చిలప చేతిలోకి తీసుకోగానే గణపతిరావు ఒళ్ళు పులకరించింది. ఒక్కో పోగూ, పోగు మీది నూగూ, తెగిన చోట అతికిన ముడీ, అన్నీ అద్దంలో చూసినట్టున్నాయి. ఏడాది తరువాత తన నూలు తనకి కనబడింది. దానితో పాటు ఆ ఏడాదిగా ఆడవాళ్ళు ఏం చేస్తున్నారో కూడా కనబడింది.

"ఇది వందా? డెబ్బై! ఇందులో ముడులు లెక్కపెట్టలేం. బుల్లమ్మా, ఇది నీ చెయ్యి. జగ్గమ్మ బుట్టలోకి ఎలా వచ్చిందే? పట్టుకుపో! ఇదీ పట్టుకుపో!"

త్రాసు మీది గుడ్డ లాగేశాడు. గంటలో సగం నూలు వెనక్కి పోయింది. ఆడవాళ్ళు కొంగులు బిగించి గట్టిగా అరవడం మొదలుపెట్టారు. కన్ను బాగున్నందుకు ఇంత గోల జరుగుతుందని గణపతిరావు అనుకోలేదు.

ఆ గోలలో గేటు దగ్గర ఒక తెల్లటి ఆకారం కనబడింది. చేతిలో సంచీ. మొహం ఉండాల్సిన చోట పిండిముద్దలాంటిది తప్ప ఆయనకి ఇంకేమీ కనబడలేదు. వాలుగ చేప దవడలు తెచ్చే ఎర్రన్న అయివుంటాడనుకున్నాడు. ఆ దవడల సన్నటి పళ్ళతోనే పత్తిని దువ్వుతారు. నెలకోసారి ఎర్రన్న తెచ్చి ఇచ్చిపోతాడు.

"ఒరే! అక్కడే ఆగు!" అని గణపతిరావు కేకేశాడు. "లోపలికి రాకు, నీచు కంపు! కిందటిసారి తెచ్చిన దవడలకి సగం పళ్ళు నేవు. ఈసారీ అలాంటివి తెస్తే నీ పళ్ళు పీకి దువ్వుకుంటాం!"

ఆడవాళ్ళ అరుపులు ఠక్కున ఆగిపోయాయి. ఆకారం మెల్లగా దగ్గరికి వచ్చింది. నాలుగు మూరల దూరంలోకి వచ్చాక దానికి మీసాలు మొలిచాయి. రెండు మూరల్లోకి వచ్చాక మొహం మొలిచింది. విజయనగరం నుంచి వచ్చిన ఖాదీ ఇన్స్పెక్టరు అప్పలసూరి గారది.

"నా పళ్ళు బాగానే ఉన్నాయి గణపతిరావుగారూ," అన్నారాయన. "మీ నూలు సంగతి చూద్దామని వచ్చాను. ఏడాదిగా మీ డిపో నుంచి వచ్చే నూలు మగ్గం మీద ఆగడం లేదని నేతగాళ్ళు మొత్తుకుంటున్నారు. ఇవాళ చూస్తే ఇక్కడ అంతా వెనక్కి కొడుతున్నారు. ఇంతకీ మీ కన్ను పనిచేస్తోందా, లేదా?"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని సంచీలోంచి అయిదు చిలపలు తీశారు. నంబర్లు రాసిన కాగితం మడిచి తన జేబులో పెట్టుకున్నారు. కన్నుతోనే చెప్పమన్నారు, త్రాసు ముట్టకూడదన్నారు. తప్పితే గోదాములో పని చూసుకోవచ్చన్నారు.

గణపతిరావు గుండు మీంచి చెమట కళ్ళల్లోకి కారింది. అసలే మండుతున్న కళ్ళు భగ్గుమన్నాయి. డాక్టరు చెయ్యొద్దని చెప్పిన పని అప్పుడు చేశాడు. ఎడమకన్ను గట్టిగా నులిమాడు. చటుక్కున ఏదో జారినట్టయింది. అద్దం ఎగిరి ఎక్కడో పడింది.

ఆయన ప్రాణం అక్కడే పోయింది. అందరి ముందూ నేల మీద పాకుతూ వెతకలేడు, వెతక్కుండా ఉండలేడు. ఒక్క క్షణం గది అంతా పడవలో ఉన్నట్టు అటూ ఇటూ ఊగింది. తరువాత నిలబడింది. నిలబడ్డాక ఆయన ఇన్స్పెక్టరు మీసాలు చూశాడు, వెంట్రుక వెంట్రుకా తెలిసింది. గేటు చూశాడు, గేటు మీద కూర్చున్న కాకి కూడా స్పష్టంగా ఉంది. భయం భయంగా చేతిలోని చిలప వైపు చూపు దించాడు. పోగు పోగూ లెక్కపెట్టేలా ఉంది. అద్దమున్న కన్ను దగ్గర చూస్తోంది, లేని కన్ను దూరం చూస్తోంది. ఎవరి పని వాళ్ళు పంచుకున్నట్టు రెండూ ఒప్పందానికి వచ్చాయి.

"నూట నాలుగు," అన్నాడు. "తొంభై. ఇది నూట పది, మంచి చెయ్యి. ఇది ఎనభై ఎనిమిది, పురి ఎక్కువైంది. ఇదీ... ఇది మిల్లు నూలండీ. ఖద్దరు కాదు."

అప్పలసూరి గారు కాగితం విప్పి చూసుకున్నారు. లేచి నిలబడ్డారు. "మిల్లు నూలు కావాలనే కలిపాను," అని ఒప్పుకున్నారు. "ఇంత కన్ను పెట్టుకుని నన్ను చేపలవాడనుకున్నారేం?"

"మొన్నే కొండకెళ్ళొచ్చానండి. ఇంకా తల తిరుగుతోంది."

ఆయన నవ్వేసి, ఇకమీదట ఇదే కన్నుతో చూడమని చెప్పి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు కూడా గొణుక్కుంటూ బుట్టలు ఎత్తుకుని కదిలారు. గది ఖాళీ అయిందనుకుని గణపతిరావు మోకాళ్ళ మీద వంగి నేలంతా తడమడం మొదలుపెట్టాడు.

"ఏటి ఎతుకుతున్నావు బాబూ?"

జగ్గమ్మ మూలన ఇంకా కూర్చునే ఉంది.

"ఏటీ నేదు. గుండుసూది."

"సూదా! నా బుట్టలో ఏదో పడ్డాది. సేప పొలుసనుకున్నాను. సేత్తో తడిమితే గట్టిగా, నున్నగా, గిన్నెలాగ గుంటగా ఉన్నాది. పొలుసు అలగుండదు." అరచెయ్యి చాపింది. మధ్యలో అద్దం తళుక్కుమంది. "ఏటిది? నిజం సెప్పు."

చెప్పక తప్పలేదు. విశాఖ చీటీ నుంచి గూడూరు స్టేషను దాకా మొత్తం చెప్పేశాడు. జగ్గమ్మ నవ్వలేదు. బుట్టలోంచి తన చిలప ఒకటి తీసి వేళ్ళ మధ్య మెల్లగా జార్చింది.

"నూట ఆరు," అంది. "ముల్లు మీద సూడు."

గణపతిరావు త్రాసుకు తగిలించాడు. నూట ఆరే.

"నాకు దగ్గరివి కనబడక పన్నెండేళ్ళయినాది బాబూ. దూది ఏకు పడితే పోగు ఎంత సన్నంగా వస్తన్నాదో ఈ సేతి ఏళ్ళకి తెలిసిపోద్ది. నువ్వు సిలప మేకుకి తగిలించిన రోజే నీ సంగతి నాకు తెలిసిపోనాది. ఎవుళికీ సెప్పనేదు."

"మరి ఇన్నేళ్ళూ అద్దాలెందుకు కొనుక్కోలేదే?"

జగ్గమ్మ ఆయన గుండు వైపు ఓసారి చూసి, తల పక్కకి తిప్పుకుంది.

"నీ నోటికి దడిసి. కూర్మయ్యగోరి మీద కట్టినట్టు నా మీదా పాట కడతావని."

ఆ సాయంత్రం గణపతిరావు ఇంటికి వెళ్ళకుండా గోదాముకి వెళ్ళాడు. కూర్మయ్యగారు బేళ్ళ మధ్య పేపరు చదువుకుంటున్నాడు. గణపతిరావు కాసేపు అటూ ఇటూ తిరిగి, పేపర్లో విశేషాలేమిటని అడిగి, చివరికి తలొంచుకుని చెప్పాల్సింది చెప్పాడు. పెద్దాయన కళ్ళద్దాలు తీసి పంచె చెంగుతో తుడుచుకున్నాడు. "పాట బాగానే కట్టావురా. రాగమే కుదర్లేదు," అన్నాడు.

మద్రాసు డాక్టరుకి ఉత్తరం రాస్తే పది రోజులకి జవాబొచ్చింది. ఒక కంటికి మాత్రమే అద్దం పెట్టే పద్ధతి కొందరు డాక్టర్లు పాటిస్తున్నారనీ, అలవాటైతే అలాగే ఉంచుకోవచ్చనీ రాశాడు. గణపతిరావు రెండో అద్దాన్ని డబ్బాలో పెట్టి తాయారుకి ఇచ్చేశాడు. ఆవిడ దాన్ని దాచడమైతే దాచింది గాని, ఎక్కడ దాచిందో ఇప్పటికీ గుర్తు లేదు.

ఆ నెలాఖరున జగ్గమ్మని వెంటబెట్టుకుని గణపతిరావే శ్రీకాకుళం వెళ్ళాడు. డాక్టరు చూసి, రాసి, కళ్ళజోడు తయారై చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తిరుగు బస్సులో కూర్చున్నాక జగ్గమ్మ జోడు పెట్టుకుంది. ముందు తన చేతులు చూసుకుంది. అరచేతులు తిప్పి, వేళ్ళు విప్పి, చాలాసేపు చూసుకుంది. పోగు ఒరిసి ఒరిసి బొటనవేలి మీద పడిన గీతను రెండో చేత్తో తడిమింది. తరువాత తలెత్తి పక్కనున్న గణపతిరావు మొహంలోకి తేరిపార చూసింది.

"ఓలమ్మ! ఇంత ముసిలోడివైపోనావేటి బాబూ?"

బస్సులో ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు. గణపతిరావు అప్పుడే మొలుస్తున్న తెల్లజుట్టును తడుముకుని, "జోడు తీసి సూడు, కుర్రోణ్ణే," అన్నాడు.

తరువాతి బుధవారం జగ్గమ్మ జోడుతో డిపోకి వచ్చింది. ఒక్కరూ నవ్వలేదు. పైగా బుల్లమ్మతో సహా నలుగురు తమకీ కావాలని పేర్లిచ్చారు. గణపతిరావు జగ్గమ్మ చిలప తీసుకుని కుడికన్నుతో చూశాడు. మళ్ళీ చూశాడు. చెప్పాలా వద్దా అని తటపటాయించాడు.

"తొంభై రెండు, జగ్గమ్మా."

ఆడవాళ్ళంతా త్రాసు చుట్టూ మూగారు. జగ్గమ్మకి వందకి తక్కువ ఎప్పుడూ పడలేదు. త్రాసు ముల్లు కూడా తొంభై రెండు మీదే ఆగింది.

"నాకు తెలుసు," అంది జగ్గమ్మ విసుగ్గా. "పోగు కనబడతన్నాది కదా, ఎలా వస్తన్నాదో అని సూసుకుంటూ కూసున్నాను. సూసిన కాడల్లా సెయ్యి ఆగిపోతన్నాది."

జోడు తీసి మడతపెట్టి, రవికలో దోపుకుంది. బియ్యంలో రాళ్ళు ఏరుకోడానికి, మనుషుల మొహాలు చూసుకోడానికి పనికొస్తాదిలే అంటూ ఏకుల బుట్ట ఎత్తుకుని ఇంటికి బయల్దేరింది.